ఏటిగట్టుకు ఎవరి సొమ్ము?

వరద వచ్చాక ఇచ్చే సాయం వేరు, రాకముందు పెట్టే ఖర్చు వేరు. ఈ తేడా ప్రభుత్వాలకు అలవడేందుకు చాలాకాలం పట్టింది.

1858లో మదరాసు రాజధానిలో ఒక చట్టం చేశారు. ఏరు పొంగి గట్టు తెగేలా ఉంటే, చుట్టుపట్ల ఊళ్ళవారిని నిర్బంధంగా పనికి పిలవవచ్చునన్నది ఆ చట్టం. కాలువల చిల్లర మరమ్మతులు ‘కుడిమరామతు’ పేరిట ఎలాగూ రైతులవే. అనగా వరదకు అడ్డు మన రెక్కలే నన్నమాట.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి, వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరువాతనే తీరం వెంట తుఫాను ఆశ్రయాలు విరివిగా లేచాయి. 1986 ఆగస్టులో గోదావరి ఏటిగట్లకు గండ్లు పడ్డాయి. ఆనాటి వరద మట్టాన్నే కొలతగా పెట్టుకుని, తరువాత గట్లను ఎత్తు చేశారు. దెబ్బ తగిలాకే డబ్బు కదిలింది.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం, నష్టం తగ్గించే పనులకు వేరే నిధి ఉండాలన్నది. రాష్ట్రాల విపత్తు నిధుల్లో నూటికి 20 వంతులు ఈ పనులకే ఉంచాలని, 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది.

కాబట్టి తొలకరికి ముందే గట్టు మీద నడిచి చూడండి. ఎలుక బొరియలు, కోసుకుపోయిన చోట్లు, పూడిన మురుగు కాలువలు గుర్తించండి. గ్రామసభలో తీర్మానం చేసి, కాగితం మీద పెట్టి పంపండి. అడగని పనికి నిధి రాదు.