నీటికాసుల నొప్పికి ఒక చుక్క

మక్కాలో మినా వైపు వెళ్ళే దారిలో అల్ అజీజియా ఉంది. హజ్ కమిటీ తరఫున వెళ్ళే మన యాత్రికుల్లో చాలామందికి అక్కడే బస. హైదరాబాద్ నుంచో కర్నూలు నుంచో వచ్చిన పెద్దవాళ్ళ సంచుల్లో బీపీ మాత్రలు, షుగరు మాత్రల మధ్య ఒక్కోసారి వేలెడంత ప్లాస్టిక్ సీసా కూడా ఉంటుంది. అది నీటికాసుల జబ్బుకు మందు, రాత్రి పడుకోబోయే ముందు కంట్లో ఒక్క చుక్క వేసుకోవాలి. అలాంటి మందుల్లో ఎక్కువగా వాడే లాటనోప్రాస్ట్‌ను మూత తీయకముందు ఫ్రిజ్‌లో పెట్టాలి, తీశాక 25 డిగ్రీలు దాటని చోట ఉంచాలి. హజ్ ఎండాకాలంలో పడితే బయట ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మినా గుడారాలు, అరఫాత్ మైదానం, ముజ్దలిఫాలో ఆరుబయట గడిపే రాత్రి... ఆ అయిదారు రోజులూ చుక్క తప్పకుండా, మందు చెడకుండా చూసుకోవడం డెబ్భై ఏళ్ళ మనిషికి తేలిక కాదు.

చుక్కల మందుకు తోడుగా, కొందరికి దాని బదులుగా, లేజర్ కూడా ఉంది. లేజర్ అనగానే రోగి అడిగే మొదటి మాట, "నొప్పెడుతుందా?"

తెలుగులో గ్లాకోమాను నీటికాసులు అంటారు. కంట్లో నీరు ఊరుతూ, ఒక మూల నుంచి బయటికి ఇంకిపోతూ ఉంటుంది. ఆ దారి మెల్లమెల్లగా పూడుకుపోతే నొప్పేమీ తెలియదు, చూపు మాత్రం అంచుల నుంచి తరిగిపోతుంది. ఒక్కసారిగా మూసుకుపోతే కన్ను గోలీలా గట్టిపడుతుంది. సగం తల పగిలిపోతున్నట్టుంటుంది, వాంతులవుతాయి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. 14వ శతాబ్దంలో కైరో వైద్యుడు షంస్ అల్ దీన్ ఇలాంటి జబ్బునే కనుపాప తలనొప్పి అన్నాడు. కన్ను నొస్తుంది, పాప పెద్దదవుతుంది, ముదిరితే కన్ను బిగుసుకుని చూపు పోతుందని రాశాడు. రోగుల బాధనే జబ్బుకు పేరుగా పెట్టిన ఆ వైద్యుడు వాళ్ళ మాట ఎంత శ్రద్ధగా విని ఉంటాడో!

పేరైతే వచ్చింది గానీ మందు రాలేదు. 1857లో బెర్లిన్‌లో ఆల్‌బ్రెహ్ట్ ఫాన్ గ్రేఫే ఐరిస్‌లో, అంటే కనుపాప చుట్టూ ఉండే రంగు తెరలో, చిన్న ముక్క కత్తిరిస్తే ఈ పోటు తగ్గుతుందని చూపించాడు. కంటిని మాత్రమే మొద్దుబార్చే మందు అప్పటికింకా లేదు. క్లోరోఫాం ఇస్తే తర్వాత వాంతులు పట్టుకునేవి, అప్పుడే కోసిన కంటికి ఆ కుదుపు ప్రమాదం.

దారి చూపించినవాడు వియన్నాలోని వైద్యుడు కార్ల్ కోలర్. 1884లో అతనికి ఇరవై ఆరేళ్ళు. కొకెయిన్ తగిలితే నాలుక మొద్దుబారుతుందని అప్పటికే చాలామందికి తెలుసు. నాలుకకు పనిచేసేది కంటికెందుకు పనిచేయదని కోలర్‌కు తోచింది. ముందు కప్ప కంట్లో వేశాడు, తర్వాత కుందేలు, కుక్క కళ్ళలో వేశాడు. చివరికి తన కంట్లోనే వేసుకుని, అద్దం ముందు నిలబడి గుండుసూది తలతో నల్లగుడ్డును తాకి చూశాడు. ఏమీ తెలియలేదు. ఆ సెప్టెంబరు 15న హైడెల్‌బర్గ్‌లో జరిగిన నేత్రవైద్యుల సభకు వెళ్ళడానికి దారిఖర్చులు లేక, తన వ్యాసాన్ని వేరే వైద్యుడి చేత చదివించాడు. మరుసటి ఏడు సిగ్మండ్ ఫ్రాయిడ్ తండ్రి యాకబ్‌కు నీటికాసులకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. కోసింది కంటి వైద్యుడు క్యోనిగ్‌స్టైన్, కంట్లో కొకెయిన్ వేసింది కోలర్, పక్కన నిలబడింది ఫ్రాయిడ్. ముసలాయన నొప్పి తప్పించిన ఆ చుక్కకే వారసులు ఇవాళ్టి ప్రొపరకెయిన్ చుక్కలు. అవి అరనిమిషంలో పనిచేస్తాయి, పావుగంట సేపుంటాయి.

లేజర్ చరిత్ర 1960లో మొదలైంది. ఆ ఏడు మే 16న థియోడోర్ మైమన్ కెంపు రాయితో తొలి లేజర్ వెలిగించాడు. 1970లలో ఆర్గాన్ లేజర్‌తో కత్తి లేకుండానే ఐరిస్‌లో రంధ్రం చేయగలిగారు, తర్వాతి దశకంలో యాగ్ లేజర్ వచ్చింది. గ్రేఫే కత్తిరించిన చోటే ఇప్పుడు వెలుగు కొడుతుంది.

నొప్పి మాత్రం మొత్తంగా పోలేదు. మత్తు చుక్క కంటి ముందు పొర కార్నియాను బాగా మొద్దుబారుస్తుంది, లోపలి ఐరిస్ దాకా అంతగా వెళ్ళదు. ఐరిస్‌కూ నరాలున్నాయి. అందుకే లేజర్ తగిలినప్పుడు లోపలెక్కడో సూదితో చటుక్కున పొడిచినట్టుంటుంది, టప్‌మని శబ్దం కూడా వినిపిస్తుంది. ఆర్గాన్ కాలుస్తుంది, ఎక్కువ దెబ్బలు కావాలి, నొప్పీ ఎక్కువే. యాగ్ పగలగొడుతుంది, కొద్ది దెబ్బలతో పనైపోతుంది. కానీ తెలుగువాళ్ళవీ అరబ్బులవీ దట్టమైన గోధుమరంగు ఐరిస్‌లు. పలచని నీలి కళ్ళకంటే వీటికి ఎక్కువ శక్తి కావాలి. పాశ్చాత్య పుస్తకాల్లోని లెక్కలు హైదరాబాద్‌లోనూ జెద్దాలోనూ యథాతథంగా సరిపోకపోవడానికి కారణం అదే. పైగా లేజర్‌కు ముందు కనుపాపను చిన్నది చేయడానికి వేసే పైలోకార్పిన్ చుక్క వల్ల కనుబొమ్మ దగ్గర లాగుతుంది. చాలామంది దాన్ని లేజర్ నొప్పే అనుకుంటారు.

కంటి మూలలో నీరు ఇంకే జల్లెడలాంటి భాగం మీద లేజర్ కొట్టే పద్ధతిని 1979లో వైజ్, విటర్ అనే వైద్యులు ప్రచురించారు. 1990లలో మార్క్ లటీనా దాన్నే ఎస్‌ఎల్‌టీ (సెలెక్టివ్ లేజర్ ట్రాబెక్యులోప్లాస్టీ)గా మలిచాడు. ఒక్కో దెబ్బ సెకనులో కోట్లవంతు సేపే, కాల్చదు, చాలామందికి నొప్పి నామమాత్రం. 2019లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో 718 మంది పాల్గొన్నారు. ముందుగా ఎస్‌ఎల్‌టీ చేయించుకున్నవాళ్ళలో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి మూడేళ్ళయినా చుక్కల అవసరం పడలేదు. అజీజియా గదిలో సీసా ఎక్కడ చల్లగా దాచాలా అని వెతుక్కునే యాత్రికుడికి ఈ అంకె విలువ తెలుస్తుంది.

నీరు ఊరే భాగాన్నే కాల్చే డయోడ్ లేజర్ సంగతి వేరు. చూపు పోయినా పోటు పోని కళ్ళకు ఎక్కువగా ఇది చేస్తారు. దీనికి చుక్క చాలదు, కంటి వెనకో పక్కనో మత్తు సూది ఇస్తారు. చాలామందికి ఆ సూది గుర్తున్నంతగా లేజర్ గుర్తుండదు.

పసిపిల్లల దగ్గరికొస్తే మన నేలకూ సౌదీ నేలకూ చుట్టరికమే కనిపిస్తుంది. పుట్టుకతో వచ్చే నీటికాసులు పాశ్చాత్య దేశాల్లో పది వేల మంది శిశువుల్లో ఒకరికో, ఇంకా తక్కువగానో వస్తాయి. సౌదీలో 2,500 మందికి ఒకరు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,300 మందికి ఒకరు అని లెక్క. రెండు చోట్లా మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఎక్కువ. రెండు చోట్లా సీవైపీ1బీ1 అనే జన్యువులో లోపాలు దొరికాయి. రియాద్‌లో కింగ్ ఖాలిద్ కంటి ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఒకే దశకంలో, 1980లలో, మొదలయ్యాయి. ఎల్వీ ప్రసాద్‌లో డాక్టర్ అనిల్ కుమార్ మండల్ ఇలాంటి పిల్లలకు ఆపరేషన్లు చేసి 2003లో భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. పసివాడు గడ్డం ఆనించి కదలకుండా కూర్చోడు కదా! లేజర్‌కైనా, కత్తికైనా, తరచూ కంటి లోపలి ప్రెషర్ చూడటానికైనా పూర్తి మత్తే కావాలి.

పెద్దవాళ్ళకు చుక్కతో పాటు ఇంకో మందు కూడా ఉంది, మాట. హైదరాబాద్ బస్తీల్లో 1990లలో చేసిన సర్వేలో, మూల మూసుకుపోయే నీటికాసులున్న ముగ్గురిలో ఇద్దరికి ఆ సంగతి అంతవరకూ తెలియనే తెలియదు. అలాంటి మనిషి ఒక్కసారిగా యంత్రం ముందు కూర్చుంటే బెదిరిపోతాడు. కన్ను లాక్కుంటే దెబ్బ గురి తప్పుతుంది, మళ్ళీ కొట్టాలి, నొప్పి ఇంకాస్త పెరుగుతుంది. "అమ్మా, గడ్డం ఇక్కడ ఆనించండి. నుదురు పట్టీకి తగలాలి. కంటికి చిన్న అద్దం పెడతాను, చల్లగా ఉంటుంది. టప్‌మంటుంది, చీమ కుట్టినట్టుంటుంది, వెనక్కి లాక్కోవద్దు." ఈ నాలుగు మాటలు రోగి భాషలోనే చెప్పాలి, దెబ్బకు ముందే చెప్పాలి. అరబ్బీ, ఇంగ్లీషు రాని పెద్దామెకు పరాయి దేశంలో ఆ సమయాన తెలుగో ఉర్దూవో తెలిసిన నర్సు పక్కనుంటే అదే సగం మత్తు.

గంట తర్వాత మళ్ళీ ప్రెషర్ చూస్తారు. కొన్నాళ్ళు వాపు తగ్గే చుక్కలు వాడమని రాస్తారు. ఆ సాయంత్రం కాస్త ఎర్రగా, కాస్త మసకగా ఉంటుంది.