2024: విజయవాడ, కృష్ణా డెల్టాలో ముఖ్య ఘటనలు

ఎన్నికలు, కొత్త ప్రభుత్వం, వక్ఫ్ వివాదం... 2024లో బెజవాడ చాలా చూసింది. కానీ ఇక్కడి వాళ్లను అడిగితే ముందు గుర్తుకొచ్చేది బుడమేరు వరదే.

జనవరి – మే: జనవరి 19న స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. పీఠంతో కలిపి ఎత్తు 206 అడుగులు. రంజాన్ నెల ముగిసి ఏప్రిల్ 11న ఈద్ జరిగింది. రెండు రోజులకే, 13న, ఎన్నికల యాత్రలో ఉన్న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌పై సింగ్‌నగర్‌లో రాయి పడింది. మే 13న పోలింగ్.

జూన్: హైదరాబాద్ ఉమ్మడి రాజధాని గడువు 2న ముగిసింది. 4న వచ్చిన ఫలితాల్లో 175 సీట్లలో కూటమికి 164, వైసీపీకి 11 దక్కాయి. విజయవాడ ఎంపీగా కేశినేని శివనాథ్ గెలిచారు. పశ్చిమ నియోజకవర్గంలో వైసీపీ అభ్యర్థి షేక్ ఆసిఫ్‌పై బీజేపీ నుంచి సుజనా చౌదరి నెగ్గారు. 12న గన్నవరం దగ్గర కేసరపల్లిలో చంద్రబాబు ప్రమాణం చేశారు. మైనారిటీ సంక్షేమ శాఖ ఎన్‌ఎండీ ఫరూక్‌కు దక్కింది. 17న బక్రీద్.

ఆగస్టు – సెప్టెంబరు: ఆగస్టు 31న కుండపోత వాన. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. బుడమేరు నీటిని వెలగలేరు దగ్గర నుంచి కృష్ణలోకి మళ్లించే కాలువ ఉంది. కృష్ణ కూడా నిండుగా ఉంటే ఆ నీరు నదిలోకి పోలేదు. ఈసారి అదే జరిగింది. కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. పాత బుడమేరు దారిలో పల్లంగా ఉన్న సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం మునిగాయి. జనం మేడల మీదే రోజులు గడిపారు. పాలు, తాగునీరు పడవల్లో వచ్చాయి, ఆహార పొట్లాలు డ్రోన్లతో కూడా చేరవేశారు.

ప్రకాశం బ్యారేజీకి సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. ఇది బ్యారేజీ చరిత్రలోనే రికార్డు. కొట్టుకొచ్చిన పెద్ద పడవలు గేట్ల దగ్గర ఢీకొన్నాయి. దిగువన లంక గ్రామాల్లో పంటలు పోయాయి. సైన్యం సాయంతో మూడో గండిని 7న పూడ్చారు.

ఇళ్లలో బురద ఇంకా కడుగుతున్న రోజుల్లోనే, 16న, మిలాద్ వచ్చింది. మర్నాడు ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. మునిగిన ఇంట్లో కింది అంతస్తు వాళ్లకు రూ.25 వేలు, పై అంతస్తుల వాళ్లకు రూ.10 వేలు. 25 నుంచి చెల్లింపులు మొదలయ్యాయి. అయితే జాబితాలో పేరు రాలేదన్న ఫిర్యాదులు ఆ తర్వాత కూడా వినిపించాయి.

వక్ఫ్: వక్ఫ్ సవరణ బిల్లు ఆగస్టు 8న లోక్‌సభకు వచ్చి జాయింట్ పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది. నవంబరు చివర్లో కమిటీ గడువును 2025 బడ్జెట్ సమావేశాల దాకా పొడిగించారు. నవంబరు 30న రాష్ట్ర ప్రభుత్వం 2023 అక్టోబరు నాటి వక్ఫ్ బోర్డు ఏర్పాటు జీవోను వెనక్కి తీసుకుంది. అంటే ఏడాది ముగిసేనాటికి బిల్లు సంగతి తేలలేదు, పాత బోర్డు లేదు.

అక్టోబరు – డిసెంబరు: అక్టోబరు 22న పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లతో ప్రదర్శన జరిగింది. నవంబరు 9న అదే ఘాట్ నుంచి శ్రీశైలానికి సీ ప్లేన్ ట్రయల్ రన్ నడిచింది. డిసెంబరులో అమరావతికి ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. సింగ్‌నగర్ వాళ్లకు మాత్రం ఒకటే ప్రశ్న మిగిలింది: వచ్చే వానాకాలానికి బుడమేరు కట్ట ఆగుతుందా?