మహజరు నుండి రామనగరము వరకు: చీరాల–పేరాల పౌరుల విన్నపము

స్థానిక పరిపాలనా చరిత్రను పరిశీలించువారు చట్టములను, పన్నుల లెక్కలను, అధ్యక్షుల పట్టికలను చూతురు గాని, పౌరులు పెట్టుకొనిన అర్జీల గతి యేమైనదని విచారించుట అరుదు. ఈ వ్యవహారమునకు మన భాషలో మూడు మాటలు ప్రసిద్ధములు. ‘విన్నపము’ సంస్కృతభవము. ‘అర్జీ’, ‘మహజరు’ అనునవి అరబ్బీ పదములు. పారసీక రాజభాష ద్వారమున మనకు సంక్రమించినవి. అర్జీ ఒక్కడైనను పెట్టుకొనవచ్చును; మహజరు పలువురు చేవ్రాళ్లు చేసి సమర్పించునది. ‘హాజరు’, ‘మహజరు’ అను రెండును ఏకధాతుజన్యములు. కావున పలువురి సమక్షమున పలికిన మాట అను భావము మహజరునందే యిమిడియున్నది. ఆ మాటకు పాలకులు ఎంత విలువ నిచ్చిరనుటయే ఇచ్చటి ప్రశ్న.

రిప్పన్ ప్రభువు 1882 నాటి తీర్మానము ననుసరించి, 1884లో మద్రాసు రాజధానియందు స్థానిక బోర్డులకును, జిల్లా పురపాలక సంఘములకును వేర్వేరు చట్టములు చేయబడినవి. పన్ను వసూలు చేయు బాధ్యత క్రిందికి దిగినది. కాని యే గ్రామము యూనియనుగా నుండవలెనో, యేది పురపాలక సంఘము కావలెనో నిర్ణయించు అధికారము ప్రభుత్వముకడనే నిలిచినది. ఈ లోపము చీరాల–పేరాలలో బయటపడినది.

అప్పటి గుంటూరు జిల్లాలోని ఈ జంటగ్రామముల జనసంఖ్య సుమారు 15,000. నేతపనివారును, చిన్న రైతులును, చిల్లర వర్తకులును అందు ఎక్కువ. 1919లో ప్రభుత్వము వీనిని కలిపి పురపాలక సంఘముగా మార్చ నిశ్చయించెను. పారిశుద్ధ్యము మెరుగుపడవలెనని ప్రభుత్వ వాదము. అది నిరాధారమని చెప్పజాలము. అయితే యూనియను కాలమున ఏటికి సుమారు రూ. 4,000గా నున్న పన్ను రూ. 40,000 వరకు పెరుగునని ప్రజలు భీతిల్లిరి. సౌకర్యము వద్దని వారనలేదు. భరింపజాలని వెల వద్దనిరి. సంఘమును రద్దుచేయుడని ప్రభుత్వమునకు విన్నవించుకొనిరి. విన్నపములు ఫలింపలేదు.

ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. పౌరుల పక్షమున సభ్యులు తమ పదవులకు రాజీనామా లిచ్చిరి. అనగా విన్నపము విన్న సభ దానిని త్రోసిపుచ్చలేదు. దానిని నెరవేర్చు శక్తియే సభకు లేకపోయెను. ప్రభుత్వము జీతగాడైన అధ్యక్షుని నియమించి పాలన సాగించెను. మాంటేగు–చెమ్స్‌ఫర్డు సంస్కరణలచే స్థానిక స్వపరిపాలన శాఖ పానుగంటి రాజావారి చేతికి వచ్చిన పిమ్మటను సంఘము రద్దు కాలేదు. పన్ను నిరాకరించినవారు చెరసాల పాలైరి.

1921 ఏప్రిలులో చీరాలకు వచ్చిన గాంధీమహాత్ముడు అహింసాయుతమైన నిరాకరణమును గాని, ఊరు విడిచిపోవుటను గాని సూచించెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలలో అత్యధికులు రెండవ మార్గము నవలంబించి, పురపాలక సీమకు వెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడిరి. సుమారు పదకొండు నెలలు ఎండవానలకోర్చిరి. అచ్చట ఆయా కులములవారు ఎన్నుకొనిన ప్రతినిధులతో ఒక సభయు, తగవులు తీర్చుటకు ఒక మధ్యవర్తి న్యాయస్థానమును ఏర్పడినవి. వినని సభను విడిచినవారు మొదట కట్టుకొనినది వినెడి సభనే యనుట విస్మరింపరాదు. గోపాలకృష్ణయ్యగారు కారాగారబద్ధులైన పిదప ఉద్యమము క్రమముగా క్షీణించెను. ప్రజలు 1922లో తిరిగి యిండ్లకు చేరిరి.

దీనిని కేవలము పన్నుల పోరాటముగా వర్ణించుట పరిపాటి. అది పూర్తిగా సరికాదు. పన్ను హేతువు మాత్రమే. వివాదము విన్నపము యొక్క హక్కును గూర్చినది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే గ్రామసభకు రాజ్యాంగ ప్రతిపత్తి లభించినది. అయినను దాని అధికారములను నిర్ణయించు భారము రాష్ట్ర శాసనసభలకే వదలబడినది. కావున స్థానిక సంస్థలను పరిశోధించు విద్యార్థులు ఎన్ని అర్జీలు వచ్చినవని లెక్కించి ఊరకుండరాదు. అర్జీని చర్చించిన సభకు దానిని నెరవేర్చు అధికారముండెనా యని ప్రశ్నింపవలెను. అధికారము లేని సభకు చెప్పుకొనిన విన్నపము గోడకు చెప్పుకొనిన గోడు వంటిదని చీరాల–పేరాల చరిత్ర చాటుచున్నది.