పళ్లేల కోసం పటాలం

కాస్త మంట దగ్గరికి జరిగి కూచోరా నాయనా. ఆ ఫోను జేబులో పెట్టు, నా మాట పూర్తయ్యేదాకా అదెక్కడికీ పోదు. మొన్న హైదరాబాదు వెళ్లి, సాలార్‌జంగ్ మ్యూజియంలో పింగాణీ గదులు రెండు నిమిషాల్లో చుట్టేసి వచ్చావటగా? అందుకే ఈ ముచ్చట.

ఇప్పుడంటే ఇంటింటా అరడజను పింగాణీ ప్లేట్లు ఉంటున్నాయి. మూడొందల ఏళ్ల కిందట అది ఐరోపా రాజులకే అబ్బురం. చైనా నుంచీ జపాన్ నుంచీ ఓడల్లో దిగాల్సిందే. జర్మనీలో సాక్సనీని ఏలిన అగస్టస్‌కు ఆ సామానంటే ప్రాణం. పిచ్చి ముదిరితే రోకలి తలకు చుట్టమన్నాడట! 1717లో ఈయన తన సైనికులు 600 మందిని ప్రష్యా రాజుకిచ్చి, 151 పింగాణీ సామాన్లు తెచ్చుకున్నాడు. సామాను ఒక్కింటికి దాదాపు నలుగురు సిపాయిలు, లెక్క వేసుకో.

బోట్గర్ అనే కుర్రవాడు అంతకుముందే చవక లోహాన్ని బంగారం చేస్తానని గొప్పలు పోయాడు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? అగస్టస్ అతణ్ణి పట్టి బంధించాడు. బంగారమైతే పుట్టలేదు గానీ, చిర్న్‌హాస్ అనే పండితుడితో కలిసి మట్టి కాల్చగా కాల్చగా 1708 నాటికి పింగాణీ కిటుకు దొరికింది. 1710లో మైసెన్ అనే ఊళ్లో, కోటలోనే కార్ఖానా పెట్టారు. గుట్టు బయటికి పొక్కకూడదని కోటగోడల కాపలా! తర్వాత ఆ కార్ఖానా పెత్తనం చేసిన బ్రూల్ మంత్రి, 1737 నుంచి తన విందుల కోసం హంసల బొమ్మలతో రెండు వేలకు పైగా సామాన్లు చేయించుకున్నాడు.

సరే, ఇక ఆ సామాన్ల మీద బొమ్మలు వేసే కుంచె దగ్గరికి రావాలి.

అసలు గొప్పతనం ఆ కుంచె పట్టిన చేతిది. నీలిరంగు పువ్వులు మెరుపు పూత పూయకముందే వేస్తారు. ఒకసారి కాల్చిన పింగాణీ రంగును చటుక్కున పీల్చేసుకుంటుంది, గీత తప్పిందా చెరపడానికి వీలుండదు. పైగా వేసేటప్పుడు ఆ కోబాల్ట్ రంగు నల్లగానే కనబడుతుంది. పూత పూసి 1400 డిగ్రీల వేడిలో కాలిస్తేగానీ నీలం తేలదు. కళ్లకు కనిపించని రంగును మనసులో చూసుకుంటూ గీయాలన్నమాట. గులాబీలు, పిట్టలు, బంగారు అంచులు ఆ పూత మీద వేసి మళ్లీ కాలుస్తారు.

ఈ పని మైసెన్‌లో నేటికీ చేత్తోనే సాగుతోంది. అలాంటి పళ్లేలు ఎప్పుడైనా నీ కంటబడితే, ముందు తిప్పి అడుగున చూడు. నీలిరంగులో రెండు కత్తులు అడ్డంగా గీసి ఉంటాయి. తర్వాత రెండింటిని పక్కపక్కన పెట్టి ఒకే పువ్వును పరికించు. ఒకదాంట్లో రేకు కాస్త వాలి ఉంటుంది, రెండోదాంట్లో కాడ కొంచెం సన్నబడి ఉంటుంది.