నారాయణపేట మగ్గపుటిండ్లు

గోలకొండను చూచిన కన్నులతో మా నారాయణపేటకు వచ్చువారు, ఇచ్చట చూడదగిన కట్టడ మేదియని యడుగుట కద్దు. వారిని నేను సాలెవాడలలోనికి తోడ్కొనిపోవుదును. ఆ యిండ్లను కట్టినవాడు మేస్త్రియే యైనను, వాని కొలతలను నిర్ణయించినది గుంతమగ్గము. మంటినేలలో గుంత త్రవ్వి, దాని యంచున కూర్చుండి, కాళ్లను లోనికి జారవిడిచి నేయు పనివానికి వెలుతురు కిటికీనుండియో వాకిలినుండియో సరిగా వస్త్రముమీద పడవలయును. నేలతల్లి చెమ్మ నూలునకు సోకుచుండవలయును, లేనిచో వేసవిగాలికి పడుగుపోగు పుటుక్కున తెగును. ఒకే పడుగుమీద ఎనిమిది చీరలు, అనగా 56 గజముల నూలు, మగ్గమున కెక్కించుట ఇచ్చటి సంప్రదాయము. అంతటి పడుగును చాచి గంజి పెట్టుటకు ఏ యింట చోటుండును? కావుననే వీధియు ఇంటిలో నొక భాగమైనది.

1630వ సంవత్సరమున శివాజీ ఈ ప్రాంతమున విడిదిచేసెననియు, ఆయన వెంటవచ్చిన నేతగాండ్రు కొందరు ఇచ్చటనే నిలిచిపోయిరనియు పెద్దలు చెప్పుదురు. శివాజీ జన్మించినదే ఆ సంవత్సరమున! 1677లో ఆయన కర్ణాటక దండయాత్రకై హైదరాబాదుమీదుగా దక్షిణమునకు పోయినమాట నిజము గావున, కథకు పునాది యున్నను తేదీకి లేదని నా తలంపు. మీదట లోకాపల్లి సంస్థానపు ఆదరణమున ఈ నేత వర్ధిల్లినది. మహారాష్ట్రపు గళ్లును వెడల్పగు అంచును చీరలో నెట్లు కలిసినవో, తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ మా యరుగులమీద నట్లే కలిసినవి. 1956లో రాయచూరు, గుల్బర్గాలు మైసూరు రాష్ట్రమునకు పోయినను, అరుగుమీది మాటకు ఎల్లలు గీయుట యెవరి తరము?

బారంబావిని మాత్రము మరువరాదు. మెట్లు దిగి నీటిని చేరవలసిన యీ బావి, కొళాయిలు వచ్చినపిదప చెత్తకుప్పగా మారినను, ఇటీవల పునరుద్ధరింపబడినది, సంతోషమే. కాని బావికి దొరికిన యా భాగ్యము మగ్గపుటింటికి దొరకలేదు. మా చీరకు భౌగోళిక గుర్తింపు కలదు, చీర పుట్టిన గదికి ఏ గుర్తింపును లేదు. పాతయిల్లు పడగొట్టి, సిమెంటు కప్పు వేసి, నున్నని పలకలు పరచినపిమ్మట గుంత త్రవ్వుటకు ఎవరికి మనసొప్పును? అట్టి యింటిని కోరుకొనుట తప్పని నేననను. వానకు కారు కప్పుక్రింద కాపురముండుమని పరులకు బోధించుట సులభము. అయినను, క్రొత్త యిల్లు కట్టుకొను నేతగానికి ఒక గదినేలను మంటితోనే విడిచిపెట్టుటకు సర్కారు సాయముచేసిన, స్మారకశిలల కగు వ్యయముకంటె అది సార్థకమగునని నా మతము.