చాంద్రరోగి, దయ్యముపట్టినవాడు, స్వస్థచిత్తుడు: ఉత్తరాంధ్ర క్రైస్తవంలో మనోవ్యాధి భావన – చారిత్రక పరిశీలన

ప్రవేశిక

విజయనగరం నుండి సాలూరు వెళ్ళే దారిలో, చంపావతీ తీరంలో ఉన్న గజపతినగరం కెనడియన్ బాప్టిస్టు మిషన్ కేంద్రాలలో ఒకటి. బొబ్బిలి, భీమునిపట్నం, శ్రీకాకుళం, విజయనగరం, పాలకొండ, టెక్కలి కేంద్రాలతో కలిసి అది ఉత్తరాంధ్ర క్రైస్తవ సమాజ నిర్మాణంలో పాలుపంచుకొంది. ఈ సమాజ చరిత్ర అనగానే బడులు, ఆసుపత్రులు, గ్రంథానువాదాలు గుర్తుకు వస్తాయి. మనసు చెదిరిన విశ్వాసిని ఆ సమాజం ఏ పేరుతో పిలిచింది, ఎక్కడికి పంపింది అనే ప్రశ్న కూడా ఆ చరిత్రలో భాగమే.

ఒక మనిషికి ‘జబ్బు చేసింది’ అంటే కుటుంబం వైద్యుని వెతుకుతుంది. ‘దయ్యం పట్టింది’ అంటే ప్రార్థించేవారిని వెతుకుతుంది. పేరే దారిని నిర్ణయిస్తుంది. తెలుగు బైబిలు మనోవ్యాధికి సంబంధించి ఒక్క పదాన్ని కాక పదజాలాన్నే అందించిందనీ, అందులో ఒక పదానికి మాత్రమే సమాజంలో బలం చేకూరిందనీ, దానికి భాషాపరమైన, సంస్థాపరమైన కారణాలు ఉన్నాయనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

అనువాద నేపథ్యం

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డే గ్రాంజెస్ 1805లో విశాఖపట్టణం చేరారు. క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయర్ సహాయంతో సువార్తల అనువాదం సాగింది. 1809లో క్రాన్, 1810లో డే గ్రాంజెస్ మరణించారు. డే గ్రాంజెస్ అనువదించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. ఆ తరువాత జాన్ హే విశాఖపట్టణంలోనే ఉండి దశాబ్దాలపాటు అనువాదానికీ దాని సంస్కరణకూ కృషి చేశాడు. అనేక సవరణల మీదుగా నేడు సంఘాలలో చదువుతున్న గ్రాంథిక శైలి అనువాదానికి పునాది ఉత్తరాంధ్ర తీరంలోనే పడిందన్నమాట.

తెలుగు సువార్తలను అచ్చువేసిన శ్రీరాంపూరు మిషన్‌కు మనోవ్యాధి పరోక్ష విషయం కాదు. ఆ మిషన్ స్థాపకులలో ఒకడు, 1814లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన విలియం కేరీ. అతని భార్య డొరొతీ 1794లో కుమారుని మరణం తరువాత తీవ్రమైన భ్రాంతులకు లోనై, 1807లో మరణించేవరకు కోలుకోలేదు. చివరి సంవత్సరాలు గదిలో నిర్బంధంగానే గడిచాయి. కేరీ, అతని సహచరులు ఆ స్థితిని ఉన్మాదంగానే గ్రహించారు, పిశాచబాధగా భావించలేదు. అంటే నాటి మిషనరీలకు తమ ఇంటి అనుభవంలో వ్యాధి, పిశాచావేశం వేరువేరు. తెలుగు సమాజంలో ఈ తేడా ఎందుకు నిలువలేదో తెలియాలంటే అనువాద పదాలను చూడాలి.

పదాల గతి

మొదటిది ‘చాంద్రరోగి’. మత్తయి సువార్త నాలుగవ అధ్యాయంలోని రోగుల జాబితాలో దయ్యము పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు విడివిడిగా కనిపిస్తారు. చంద్రుని ప్రభావంవల్ల కలిగే వ్యాధి అనే అర్థమున్న గ్రీకు పదానికి ఇది మక్కికి మక్కి అనువాదం. 1611 నాటి ఆంగ్ల బైబిలు ఇక్కడ ‘లూనటిక్’ అనే పదం వాడింది. బ్రిటిషు ప్రభుత్వం 1858లో చేసిన ఉన్మాదుల చట్టాలలోనూ, 1912 నాటి చట్టంలోనూ ఉన్నది ఇదే పదం. ఆంగ్లంలో గ్రంథానికీ చట్టానికీ వంతెనగా నిలిచిన ఈ మాట తెలుగులో ఆ పని చేయలేకపోయింది. జనం ఆ ఆసుపత్రిని ‘పిచ్చాసుపత్రి’ అన్నారు. చాంద్రరోగి గ్రంథం దాటి వాడుకలోకి రాలేదు. వ్యాధిని వ్యాధిగా చూపగల పదం పుటలకే పరిమితమైంది.

రెండవది ‘దయ్యముపట్టినవాడు’. ‘దయ్యము’ దైవ శబ్దభవం. ప్రాచీన కావ్యభాషలో దేవత, విధి అనే అర్థాలు కూడా దీనికి ఉండేవి. తరువాత పిశాచార్థం స్థిరపడింది. గ్రీకు మూలపదానికి కూడా పూర్వం దేవతార్థం ఉండి, తరువాత హీనార్థం ప్రాప్తించడం గమనార్హం. అనువాదకుల ఎంపిక సార్థకమే. అయితే ఈ పదం ఉత్తరాంధ్ర పల్లెలో అప్పటికే నిండుగా బతుకుతున్నది. గాలి సోకడం, చిల్లంగి, దిష్టి వంటి భావనల సరసన ‘దయ్యం పట్టడం’ ఉన్నది. గ్రామదేవతల పండుగలలో గౌరవింపబడే పూనకం వేరు, బాధించే దయ్యం వేరు అనే వివేచన కూడా ఉన్నది. క్రైస్తవ సంఘం భూతవైద్యుని విడిచిపెట్టింది కాని అతడు వాడిన కారణభావనను విడువలేదు. గ్రంథంలోనూ అదే మాట ఉండడంతో దానికి కొత్త ప్రామాణ్యం లభించింది.

ఇందులో ఒక మేలు లేకపోలేదు. చిల్లంగి భావన వ్యాధికి కారకుడిగా పొరుగువారిని నిలబెడుతుంది. ఉత్తరాంధ్రలో ఆ అనుమానం దాడులకు, హత్యలకు దారితీసింది. క్రైస్తవ వివరణలో నిందితుడు మనిషి కాదు గనుక ప్రతీకారానికి అవకాశం తగ్గింది. కాని నింద కొన్నిసార్లు రోగి విశ్వాసలోపం మీదికి మళ్ళింది.

గ్రంథం వ్యాధినీ దయ్యాన్నీ పూర్తిగా వేరుచేసిందని చెప్పడం కూడా సరికాదు. మత్తయి పదిహేడవ అధ్యాయంలో చాంద్రరోగిగా చెప్పిన బాలుని స్వస్థతలో దయ్యాన్ని వెళ్ళగొట్టడమే ప్రధానం. కాబట్టి గ్రంథంలో రెండు దృష్టులకూ ఆధారాలున్నాయి. వాటిలో ఒకదాన్నే ఎన్నుకొన్నది సమాజం.

మూడవది ‘స్వస్థచిత్తుడు’. మార్కు సువార్త అయిదవ అధ్యాయంలో సమాధులమధ్య తిరిగే మనిషి కోలుకొన్న స్థితిని ఈ పదం చెబుతుంది. తనలో తాను నిలిచినవాడు స్వస్థుడు. సుశ్రుత సంహితలోని స్వస్థ లక్షణంలో దోషధాతువుల సామ్యంతోపాటు ఆత్మ, ఇంద్రియ, మనస్సుల ప్రసన్నత కూడా చేరింది. ఆరోగ్యంలో మానసిక క్షేమాన్ని చేర్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 1946 నాటి నిర్వచనానికి ఇది చేరువగా ఉంటుంది. అనువాదకులు ఎంచిన ఈ సమాసంలో భారతీయ వైద్యసంప్రదాయపు అర్థచ్ఛాయ ఉన్నది. అయినా నేటి సంఘ వ్యవహారంలో ‘స్వస్థత’ విస్తృతంగా వినిపిస్తుంది. అందులోని ‘చిత్తం’ జారిపోయింది. స్వస్థత సభ అంటే జరిగిన అద్భుతమే గుర్తుకు వస్తుంది గాని, నెమ్మదిగా కుదుటపడే మనసు కాదు.

వైద్యసేవలో ఖాళీ

పదాల గతికి సంస్థల చరిత్ర తోడైంది. ఉత్తరాంధ్రలో మిషన్ వైద్యం విస్తృతమైనది. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉన్నది. సోంపేట ఆరోగ్యవరంలో డాక్టర్ బెన్ గల్లిసన్ నేత్రవైద్యం, 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ సంస్థ ఆవిర్భావానికి ప్రేరణ అయింది. కుష్ఠురోగిని పాపఫలం అనుభవించేవానిగా చూసే దృష్టిని ఈ వైద్యం ఎదిరించింది. శరీరవ్యాధి విషయంలో ప్రార్థన, మందు ఒకే ఆవరణలో కలిసి నడిచాయి.

మనోవ్యాధి విషయంలో ఈ కలయిక జరగలేదు. 19వ శతాబ్ది మూడవ పాదం ముగిసేనాటికే వాల్తేరులో ప్రభుత్వ ఉన్మాద చికిత్సాలయం ఏర్పడింది. గజపతినగరానికి అది నూరు కిలోమీటర్ల లోపే. కాని నాటి చికిత్సాలయాల ప్రధాన స్వభావం నిర్బంధం. ఉత్తరాంధ్ర మిషన్ ఆసుపత్రులు కుష్ఠుకు, నేత్రరోగాలకు చూపిన ప్రత్యేక శ్రద్ధను మనోవ్యాధికి చూపలేదు. కుటుంబానికి రెండే దారులు మిగిలాయి: దూరాన గోడల వెనుక ఉన్న చికిత్సాలయం, దగ్గరలో ఉన్న ప్రార్థన. కోస్తాంధ్ర దక్షిణ భాగంలో, 1938లో బైబిలు మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు పేరుతో ముడిపడిన కాకాని స్వస్థిశాల వంటి కేంద్రాలు ఈ రెండవ దారికి వ్యవస్థారూపం ఇచ్చాయి. జనం ప్రార్థన స్థలాలను ఆశ్రయించడానికి అజ్ఞానం ఒక్కటే కారణమని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. అక్కడ రోగిని మనిషిగా పలకరించేవారు ఉన్నారు. కుటుంబం పక్కనే ఉండే వీలున్నది.

ఇతర ప్రాంతాలలో భిన్నమైన ప్రయత్నాలు జరిగాయి. సువార్తికుడు స్టాన్లీ జోన్స్ భారతదేశానికి వచ్చిన తొలి సంవత్సరాలలో తానే మానసికంగా పలుమార్లు కుప్పకూలాడు. లక్నోలో ప్రార్థనలో కోలుకొన్నానని చెప్పుకొన్న అతడే 1950లో అక్కడ నూర్ మంజిల్ మనోవైద్య కేంద్రాన్ని స్థాపించాడు. విశ్వాసానుభవం అతణ్ణి వైద్యానికి దూరం చేయలేదు. తెలుగునేలకు ఆనుకొని ఉన్న వెల్లూరులో క్రైస్తవ వైద్య కళాశాల 1957లో మానసికారోగ్య కేంద్రాన్ని ప్రారంభించి, రోగితోపాటు కుటుంబం ఉండే పద్ధతిని అనుసరించింది.

కీర్తనలో దుఃఖం

విశ్వాసం మనసుకు చేసిన మేలు వైద్యేతర రంగంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1833లో బాప్తిస్మం పొంది, శ్రీకాకుళం, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాలతో అనుబంధం కలిగిన పురుషోత్తమ చౌదరి (1803–1890) రచించిన కీర్తనలు నేటికీ సంఘాలలో వినిపిస్తున్నాయి. ఉత్తమ పురుషలో సాగే పశ్చాత్తాపం, ఆత్మనివేదన, ఆశ్రయం కోరడం తెలుగు భక్తి సాహిత్యానికి పరిచితమైన రీతులే. నలుగురిలో కూర్చుని తన దుఃఖాన్ని పాటగా పలికే అవకాశం ఈ కీర్తనలు కల్పించాయి.

బైబిలు కీర్తనల గ్రంథంలో ప్రాణం ‘క్రుంగడం’ అనే మాట కనిపిస్తుంది. ఆధునిక వైద్య వ్యవహారంలో ‘కుంగుబాటు’ అదే ధాతువు నుండి వచ్చింది. ఏలీయా చావు కోరుకొన్నప్పుడు గ్రంథం అతణ్ణి అవిశ్వాసి అనలేదు. ముందుగా అతనికి దొరికినవి నిద్ర, ఆహారం, నీళ్ళు. యోబు విలాపాన్ని పాపఫలంగా వివరించిన స్నేహితులే చివరకు మందలింపు పొందారు. కుంగుబాటు విశ్వాసలోపం కాదనడానికి కావలసిన ఆధారం సంఘం చేతిలోని గ్రంథంలోనే ఉన్నది.

నేటి సందర్భం

2015–16 జాతీయ మానసికారోగ్య సర్వే ప్రకారం దేశంలోని వయోజనులలో 10.6 శాతం మంది మనోవ్యాధులతో ఉన్నారు. వ్యాధినిబట్టి 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఈ స్థితిలో రోగి మొదట చేరే చోటు ప్రార్థన స్థలమే కావచ్చు. అక్కడ జరిగేది ప్రాణాల మీదికి వచ్చే విషయం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా స్వస్థతను ఆశించి వచ్చిన మనోరోగులను ఉంచిన ఒక ఆశ్రమంలో నిప్పు అంటుకొన్నప్పుడు గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మరణించారు. 2017 మానసికారోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గా వద్ద ప్రార్థనను ఆపకుండానే మనోవైద్యుని అందుబాటులో ఉంచే ప్రయత్నం జరిగింది. ఉత్తరాంధ్ర సంఘాలకు అది పరాయి పద్ధతి కాదు. కుష్ఠు, నేత్రరోగాల విషయంలో వారి పూర్వులు చేసినదే అది.

ఉపసంహారం

తెలుగు బైబిలు పదజాలం సమాజపు పూర్వభావనలతో కలిసినప్పుడు, వాడుకలో వేరున్న ‘దయ్యం’ నిలిచింది. వేరులేని ‘చాంద్రరోగి’ ఎండిపోయింది. ‘స్వస్థచిత్తుడు’ సగమే మిగిలాడు. మనోవైద్యాన్ని మిషన్ ఆసుపత్రులు చేపట్టకపోవడం ఈ పరిణామాన్ని బలపరచింది. కాబట్టి విశ్వాసానికీ మనోవైద్యానికీ మధ్య కనిపించే వైరుధ్యం చారిత్రకమే గాని గ్రంథసిద్ధం కాదు.

మార్కు కథనంలోని మనిషిని జనం మొదట గొలుసులతో బంధించారు. కథ ముగింపులో అతని ఒంటిమీద గొలుసులు లేవు, బట్టలున్నాయి. స్వస్థచిత్తుడై కూర్చున్నాడు. క్రీస్తు వెంట వస్తానన్నా, అతణ్ణి తనవారి దగ్గరికి ఇంటికే పంపడం జరిగింది. బంధవిముక్తి, గౌరవం, కుదుటపడిన మనసు, కుటుంబం అనే ఈ నాలుగూ ఆధునిక మనోవైద్యం ఆశించేవే. దయ్యాన్ని గురించి ఎంతో ప్రసంగించిన సంప్రదాయం ఈ చివరి దృశ్యాన్ని అంతే శ్రద్ధతో చదివితే, రెండు శతాబ్దాలుగా గ్రంథంలోనే ఉన్న పదం సమాజంలోకి వస్తుంది.