పోర్టు బ్లెయరు పురపాలన: పన్ను, గ్రాంటు, పౌరుడు

మన సంఘపు సంచికకు ద్వీపముల చరిత్రనుండి ఏదేని యొక వ్యాసము వ్రాయుమని మిత్రులు కోరినప్పుడు, నేను సెల్యులరు జైలును గూర్చి వ్రాయుదునని వారు తలచియుందురు. ఆ కథ మనము పలుమారులు విన్నది; ఎన్నిమారులైనను వినదగినది. కాని నన్నీ వ్యాసమునకు పురికొల్పినది కార్యాలయములో టీ వేళ జరిగిన చిన్న సంభాషణ. అవి వేసవి దినములు. కుళాయిలో నీరు దినము విడిచి దినము వచ్చుచుండెను. పురపాలక సంఘపు పద్దులను గూర్చి నేనేదో ప్రస్తావింపగా ఒక మిత్రుడు నవ్వి, “మనము సర్కారు క్వార్టర్సులో నున్నవారము. ఇంటిపన్ను కట్టువారము కాము. మనకెందుకండీ ఆ లెక్కలు?” అనెను. అప్పుడు నాకు సమాధానము తోచలేదు. తరువాత చరిత్ర గ్రంథములు తిరుగవేయగా తోచినదానిని ఇచ్చట మనవి చేయుచున్నాను.

ఈ పట్టణము పౌరుల కొరకు పుట్టినది కాదు. 1857 తిరుగుబాటు అణచబడిన పిదప, 1858 మార్చి 10వ తేదీన డాక్టరు జేమ్సు ప్యాటిసన్ వాకరు రెండువందల మంది ఖైదీలతో ఇచ్చట దిగెను. మొదట చాతాము దీవిలో అడవి కొట్టించెను. అచ్చట మంచినీరు చాలనందున రాసు దీవికి తరలెను. ఈ పట్టణపు చరిత్రలో మొదటి సమస్య నీటి సమస్యయే యనుట గమనింపదగినది. ఆ పిమ్మట బాటలు పడినవి, చెరువులు త్రవ్వబడినవి, ఆసుపత్రులు వెలసినవి. 1883లో చాతాములో రంపపు మిల్లు నెలకొల్పబడెను. సెల్యులరు జైలు నిర్మాణము 1896లో ఆరంభమై 1906లో ముగిసెను. నేడు పురపాలక సంఘములు చేయు పనులలో పెక్కు ఆనాడే యిచ్చట జరుగుచుండెను. అయితే వాటికి మూలధనము సర్కారు ఖజానా. కూలి ఖైదీ కండబలము. అనుమతి సూపరింటెండెంటు ఆజ్ఞ. పన్ను చెల్లించి లెక్క అడుగు పౌరుడు అనువాడు ఆ చిత్రములో లేడు. శిక్షాకాలములో కొంత గడచి సత్ప్రవర్తన చూపిన ఖైదీలకు స్వయముగా సేద్యమో వ్యాపారమో చేసికొని బ్రతుకుటకు అనుజ్ఞ యుండెను. వారి గ్రామములలో చౌదరులును ఉండిరి. కాని ఆ చౌదరి ప్రజలెన్నుకొన్న పెద్ద కాడు, ప్రభుత్వము నియమించిన మనిషి.

ఇచ్చట చరిత్రలో ఒక విచిత్రము కలదు. 1870 డిసెంబరులో వైస్రాయి మేయో ప్రభువు ఆర్థికవ్యవహారముల వికేంద్రీకరణమును గూర్చి ప్రసిద్ధమైన తీర్మానము గావించెను. విద్య, ఆరోగ్యము, వైద్యసహాయము, స్థానికములైన మరామతు పనులు, వీటికి వెచ్చించు ధనము సరిగా వినియోగపడవలెనన్న స్థానికుల శ్రద్ధయు పర్యవేక్షణయు అవసరమని అందలి సారాంశము. భారతదేశమున స్థానిక ద్రవ్యవ్యవస్థకు అదియొక పునాదిరాయి. ఆ తీర్మానము చేసిన మేయో ప్రభువే 1872 ఫిబ్రవరి 8వ తేదీ సాయంకాలము, ఇచ్చటి హోపుటౌను రేవులో షేర్ అలీ అను ఖైదీ కత్తికి బలియయ్యెను. స్థానికులకు శ్రద్ధయు పర్యవేక్షణయు ఉండవలెనని వ్రాసిన వ్యక్తి మరణించిన ఈ పట్టణమునకు మాత్రము, అట్టి స్థానిక సంస్థ కలుగుటకు మరి ఎనుబదియైదు సంవత్సరములు పట్టినది.

ఆ మధ్యకాలమున మన తెలుగు తీరమున ఏమి జరుగుచుండెనో చూతము. ఈ ద్వీపములలోని తెలుగువారిలో ఎక్కువమంది శ్రీకాకుళ, విశాఖపట్టణ ప్రాంతములనుండి వచ్చినవారు గావున ఈ పోలిక మనకు పరాయిది కాదు. మన భీమునిపట్నమున 1861 నాటికే పురపాలక సంఘము వెలసెను. 1882 మే 18వ తేదీన రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి తీర్మానము వెలువరించెను. పాలనలో సౌలభ్యముకన్న ప్రజలకు రాజకీయశిక్షణ కలుగుటయే ముఖ్యమని అందు చెప్పబడెను. 1884లో మద్రాసు రాజధానికి స్థానిక బోర్డుల చట్టమును, జిల్లా పురపాలక సంఘముల చట్టమును వచ్చెను. లోకల్ ఫండు, తాలూకా బోర్డు, జిల్లా బోర్డు అను మాటలు మన తాతల నోట ఇంటిమాటలైనవి.

ఆ శిక్షణలో చేదుపాఠమును కలదు. చీరాల, పేరాల గ్రామములను 1919లో ప్రభుత్వము పురపాలక సంఘముగా మార్చెను. పన్నులు అనేక రెట్లు పెరిగెను. సంఘము మాకు వద్దని ప్రజలు మొరపెట్టుకొన్నను ప్రభుత్వము వినలేదు. అంతట 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు ఇండ్లు వాకిండ్లు విడిచి ఊరి పొలిమేరలు దాటి, రామనగరమను పేర పాకలు వేసికొని పదునొకండు నెలలు నివసించిరి. పౌరులు లేక పురపాలక సంఘము ఉత్తదైపోయెను. పన్నుకు ప్రజల సమ్మతియే ప్రాణమని మన తెలుగువారు దేశమునకు చాటిన ఘట్టమది.

చీరాలలో సమ్మతి లేని పన్ను. పోర్టు బ్లెయరులో పన్నే లేని పాలన. ఈ రెండును పైకి విరుద్ధముగా కనబడినను లోపల ఒకటియే: రెండింటను ప్రజల మాటకు తావు లేదు.

1942 మార్చి మొదలు 1945 అక్టోబరు వరకు ఈ ద్వీపములు జపానువారి ఆక్రమణలో నలిగెను. బ్రిటిషువారు తిరిగివచ్చిన పిమ్మట ఖైదీల వలస రద్దయ్యెను. స్వాతంత్ర్యము వచ్చెను. 1956 నవంబరు 1వ తేదీన, ఆంధ్రప్రదేశ్ అవతరించిన దినముననే, అండమాను నికోబారు దీవులు కేంద్రపాలిత ప్రాంతమయ్యెను. మరుసటి సంవత్సరము, 1957లో, పురపాలక బోర్డుల రెగ్యులేషను అమలులోనికి రాగా పోర్టు బ్లెయరునకు పురపాలక బోర్డు ఏర్పడెను. గ్రామములకు 1961లో గ్రామపంచాయతుల రెగ్యులేషను వచ్చెను. రాజ్యాంగపు 74వ సవరణ 1993లో అమలులోనికి వచ్చిన పిదప, 1994 నాటి క్రొత్త రెగ్యులేషను ననుసరించి బోర్డు కౌన్సిలుగా మారెను. 2022 మార్చిలో జరిగిన ఎన్నికలలో ప్రజలు ఇరువదినాలుగు వార్డులకు సభ్యుల నెన్నుకొనిరి. 2024 సెప్టెంబరులో పట్టణమునకు శ్రీ విజయపురమని కేంద్రప్రభుత్వము పేరు మార్చెను.

ఇక సంఘపు ధనము ఎచ్చటనుండి వచ్చును? సొంత రాబడి కొంత కలదు: ఇండ్లపైని పన్ను, నీటి రుసుము, వ్యాపారపు లైసెన్సులు, బజారులోని దుకాణముల అద్దె, ఇండ్ల ప్లానుల అనుమతికి వసూలు చేయు రుసుము మొదలగునవి. అబర్డీను బజారులో అంగడి నడుపు వర్తకుడును, సొంత యిల్లు కట్టుకొన్న గృహస్థుడును ఈ ఖజానాకు తమ వంతు చేర్చుచున్నారు. కాని కాలువల శుభ్రత, చెత్త యెత్తుట, వీధిదీపములు, బాటల మరామతు, కుళాయి నీటి పంపిణీ, వీటన్నిటికి ఆ రాబడి చాలదు. లోటును పూడ్చునది పరిపాలనా యంత్రాంగమిచ్చు గ్రాంటు.

చాలకపోవుటకు కారణములు లేకపోలేదు. ఇచ్చటి నేలలో ఎక్కువభాగము అడవి. పట్టణములో పెక్కు భవనములు సర్కారువి. సిమెంటు, ఇనుము, గొట్టములు చెన్నపట్టణమునుండియో, విశాఖనుండియో, కలకత్తానుండియో వేయికిలోమీటర్లకు పైగా సముద్రము దాటి ఓడలలో రావలెను. ప్రధానభూమిపై ఒక రూపాయితో జరుగు పని ఇచ్చట ఆ రూపాయితో జరుగదు. సంవత్సరమునకు సుమారు మూడువేల మిల్లీమీటర్ల వాన కురిసినను, ఏటవాలు కొండనేల యగుటచే ఆ నీరు నిలువక సముద్రము పాలగును. 1973లో నిర్మింపబడిన ధనిఖారి ఆనకట్టయే పట్టణమునకు ముఖ్యాధారము. ఫిబ్రవరి దాటినదా, అందరి కన్నులును ఆ జలాశయపు మట్టముమీదనే.

గ్రాంటు పుచ్చుకొనుట దోషము కాదు. కాని గ్రాంటుకొక స్వభావము కలదు. అది కార్యాలయములలో పనిచేయు మనకు వేరుగా చెప్పనక్కరలేదు. వాయిదాలలో వచ్చును. ఏ పద్దునకు వచ్చినదో ఆ పద్దునకే ఖర్చు కావలెను. ఖర్చునకు వినియోగ ధ్రువపత్రము తయారు కావలెను. గ్రాంటుపై బ్రతుకు సంస్థ చూపు సహజముగా గ్రాంటు ఇచ్చువానివైపే తిరుగును. వీధిలోని గృహిణివైపు తిరుగుట కష్టము. సొంత పన్నుతో నడచు సంస్థయన్ననో, కాలువ పూడుకొన్న వీధిలో పన్ను వసూలుకు పోయినప్పుడు ఆ గృహిణికి జవాబు చెప్పక తప్పదు. మేయో తీర్మానములోని “స్థానిక శ్రద్ధ” అను మాటకు అర్థమిదియే.

ఇప్పుడు నా మిత్రుని ప్రశ్నకు వత్తును. మనము ఇంటిపన్ను కట్టుట లేదన్నది నిజమే. కేంద్రప్రభుత్వపు ఆస్తికి స్థానిక పన్నులనుండి మినహాయింపు రాజ్యాంగపు 285వ అధికరణమునందు కలదు. కాని ప్రభుత్వ భవనములకును వీధిదీపము వెలుగును, చెత్తబండి వచ్చును. కావుననే పన్నుకు బదులుగా సేవారుసుము చెల్లింపవలెనని భారతప్రభుత్వము 1954లోనే ఉత్తరువు చేసెను. 2009లో సుప్రీముకోర్టు ముందుకు వచ్చిన రాజకోటు కేసులో దాని నిష్పత్తులును స్పష్టపడినవి: సంఘపు సేవలన్నియు పొందుచున్నచో ఆస్తిపన్నులో 75 శాతము, కొన్ని పొందుచున్నచో 50 శాతము, ఏమియు పొందకున్నను మూడవవంతు. ఉచితముగా సేవలు పొందుట ప్రభుత్వమునకే తగదని తేలినప్పుడు, దాని ఉద్యోగికి ఉదాసీనత తగునా?

మరియొక మాట. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ ద్వీపముల జనసంఖ్య 3,80,581; అందు తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతము. జంగ్లీఘాటులో వలలారవేయు బెస్తవారు, కూలిపనికి వచ్చిన కుటుంబములు, చిన్న వర్తకులు అందరును మనవారే. బదిలీపై వచ్చి మూడేండ్లకో అయిదేండ్లకో తిరిగిపోవు మనకు నీరు రాకున్నచో ఫోను చేయుటకు ఒక అధికారియైనను తెలిసియుండును. ఇచ్చటనే పుట్టి ఇచ్చటనే యుండవలసిన ఆ కుటుంబమునకు దిక్కు ఆ వార్డు సభ్యుడును, ఆ కౌన్సిలు పద్దును మాత్రమే. పద్దులు చదువనేర్చినవారము మనము. బిందె పట్టుకొని కుళాయికడ నిలుచువారు వారు. ఈ రెండును కలసినప్పుడే గదా లెక్క అడుగు శక్తి కలుగును.

కావున మిత్రునికి నా మనవి యిది. వార్డు సభ ఎప్పుడు జరిగినను ఒకమారు పోయి కూర్చుందము. బడ్జెటులో సొంత రాబడి ఎంత, గ్రాంటు ఎంత, నీటిపై ఖర్చయినది ఎంతయని అడుగుదము. వినినదానిని మనవారికి తెలుగులో చెప్పుదము. చీరాల ప్రజలు పదునొకండు నెలలు పాకలలో నుండి సంపాదించిన పాఠమునకు మనము చెల్లింపగల గౌరవమిదియే. ఖైదీల వలసగా పుట్టిన ఈ ఊరు పౌరుల ఊరుగా మారుట 1957లో ఆరంభమైనది. అది పూర్తియగుట లెక్క అడుగువారిపై ఆధారపడియున్నది.